నేను లాయరును కాను

హెర్మినియా ఆర్సె కుర్చీ ఎక్కి బోర్డు తుడుస్తోంది. ప్రతి శుక్రవారం తుడుస్తుంది. రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. పైన ఇంగ్లీషులో, కింద స్పానిష్‌లో: "నేను లాయరును కాను. న్యాయ సలహా ఇవ్వలేను." కోర్టు కాగితాలు నింపిపెట్టే దుకాణంలో ఆ బోర్డు అందరికీ కనపడేలా ఉండాలని చట్టం. కనపడుతూనే ఉంది. ఇరవై రెండేళ్ళలో దాన్ని చదివినవాళ్ళు ఇద్దరే. ఒకాయన కౌంటీ ఇన్‌స్పెక్టరు. రెండోది అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆరేళ్ళ పిల్ల.

"వచ్చిందా?"

తలుపు ఇంకా మూసుకోనే లేదు. మిస్టర్ ప్రూయిట్ టోపీ కూడా తీయలేదు.

"రాలేదు."

"చూశారా?"

"కుర్చీ మీద నిలబడి ఉన్నాను మిస్టర్ ప్రూయిట్. కంప్యూటర్ కింద ఉంది."

"అంటే చూడలేదు."

ఆమె దిగింది. గుడ్డ భుజాన వేసుకుని మెయిల్ తెరిచింది. ప్రింటరు ఇంకు అమ్ముతామని ఒకటి. తను చదివిన ఆన్‌లైన్ లా కాలేజీ వాళ్ళు పూర్వ విద్యార్థుల సమావేశానికి రమ్మని మరొకటి, అదీ ఆన్‌లైన్‌లోనే. ఆమె తెరను ఆయన వైపు తిప్పింది.

"రాలేదు," అన్నాడు ప్రూయిట్, ఆ సంగతి ఆమెకు తనే చెబుతున్నట్టు. టోపీ మేకుకు తగిలించాడు.

రావలసింది లాయర్లకు లైసెన్సిచ్చే బార్ వాళ్ళ మెయిల్. హెర్మినియా నవంబరులో పరీక్ష ప్యాసయింది. ఇప్పుడు మార్చి. మెయిల్‌తో ఒక ప్రమాణ పత్రం వస్తుంది. దాన్ని అచ్చు తీసి, ప్రమాణం చేయించే అధికారం ఉన్నవాళ్ళ ఎదుట కుడిచెయ్యి ఎత్తి చదివి, సంతకం పెట్టి పంపాలి. జడ్జి చేయించవచ్చు. కోర్టు గుమాస్తా చేయించవచ్చు. నోటరీ కూడా చేయించవచ్చు. వెండెల్ ప్రూయిట్ నోటరీ. తనే చేయిస్తానని తొమ్మిదేళ్ళ కిందట, ఆమె చదువులో చేరిన రోజునే ప్రకటించాడు. ఎవరూ అడగలేదు.

ఆయన నోటరీ అధికారం ఇవాళ అర్ధరాత్రితో ముగుస్తుంది. నాలుగేళ్ళకోసారి పొడిగించుకోవాలి. దానికి మళ్ళీ పరీక్ష రాయాలి. ఆయనకు ఎనభై ఒకటి, కుడి కంట్లో శుక్లం ముదిరింది. ఈసారి రాయలేదు.

"సోమవారం కోర్టు గుమాస్తా దగ్గర చేస్తాను. రెండు నిమిషాల పని," అని ఆమె నెల రోజులుగా చెబుతోంది.

"ఆ గుమాస్తాకి మీ పేరు పలకడం రాదు," అని ఆయన నెల రోజులుగా అంటున్నాడు.

పోర్టర్‌విల్‌లో ఆ దుకాణానికి ఒకవైపు లాండ్రీ, ఇంకోవైపు డోనట్ల కొట్టు. కాగితాలు లేని వలసవాళ్ళకు ప్రభుత్వం కాగితాలిచ్చిన ఎనభై ఆరులో ప్రూయిట్ ఈ దుకాణం పెట్టాడు. పక్కింట్లో అద్దెకుండే కుటుంబాన్ని చూసి, ఫారాలు నింపేవాళ్ళు కావాలని కనిపెట్టాడు. పదహారేళ్ళ తర్వాత హెర్మినియా తన తల్లి కాగితాల కోసం వచ్చింది. ఆయన నింపిన ఫారంలో తల్లి పుట్టిన ఊరి పేరు తప్పుందని చూపించింది. ఆయన దిద్దాడు. ఆమె ఇంకో తప్పు చూపించింది. మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నాడు.

అంతకుముందు పందొమ్మిదేళ్ళు ఆమె నారింజ పండ్ల ప్యాకింగ్ షెడ్డులో పనిచేసింది. బెల్టు మీద వచ్చే పండ్లలో మచ్చలున్నవి తీసేసి, మంచివి కాగితంలో చుట్టి పెట్టెలో సర్దడం. రసం, మైనం, కాగితం. తర్వాత ఇరవై రెండేళ్ళు వట్టి కాగితం. దాని ఫలితం పోయిన వేసవిలో, పరీక్షకు ముందే బార్ వాళ్ళు వేలిముద్రలు అడిగినప్పుడు తెలిసింది. పోలీసు స్టేషన్‌లో యంత్రం అద్దం మీద పది వేళ్ళూ పెడితే తెర మీద పది తెల్లటి మచ్చలు వచ్చాయి. గీత లేదు.

"గట్టిగా నొక్కండి," అన్నాడు అక్కడి మనిషి.

"గట్టిగానే నొక్కాను."

"చేతులకు ఏమైనా రాశారా?"

"నారింజపళ్ళు."

మొదటిసారి పంపిన ముద్రలు పదకొండు వారాలకు తిరిగొచ్చాయి. రెండోసారివి తొమ్మిది వారాలకు. రెండుసార్లు తిరిగొస్తే పేరుతో వెతుకుతారు. పేరుతో వెతికితే టెక్సాస్‌లో కారు దొంగిలించిన ఇంకో హెర్మినియా ఆర్సె దొరికింది. తను ఆవిడ కానని, టెక్సాస్ ఎన్నడూ చూడలేదని ఈ హెర్మినియా మూడు పేజీల ఉత్తరం రాసింది. చూడలేదనడానికి రుజువు పంపమన్నారు. షెడ్డు వాళ్ళ దగ్గర పాత హాజరు పట్టీలు దొరికాయి. కారు పోయిన వారంలో ఆమె ఆరు రోజులూ పనిలో ఉంది. వాటిని పంపి ఐదు వారాలయింది.

అలా చూస్తే, చదువే తేలిక అనిపిస్తుంది. నాలుగేళ్ళు రోజూ తెల్లవారుజామున ఐదింటికి వంటగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. పాఠం నడుస్తుండగా పావుగంటకోసారి తెర మీద ఒక గడి వచ్చేది: "మీరున్నారా?" నొక్కాలి. నొక్కకపోతే ఆ గంట లెక్కలోకి రాదు. ఒక చేత్తో బీన్స్ కలుపుతూ ఇంకో చేత్తో నొక్కేది. భర్త లాసరో నీళ్ళు కట్టడానికి తోటలకు వెళ్తూ, "ఉన్నావా?" అని అడిగి నవ్వేవాడు. మొదటి ఏడాది నవ్వింది. తర్వాత మానేసింది. మొదటి సంవత్సరం చివర రాష్ట్రం పెట్టే పరీక్ష ఒకటుంది, ఆన్‌లైన్ కాలేజీల వాళ్ళు అది దాటితేనే ముందుకు. అదీ ఇంట్లోనే, కెమెరా ముందు. గది నాలుగు మూలలూ చూపించాలి, చెవులు చూపించాలి, చొక్కా చేతులు మడిచి చూపించాలి. రెండో గంటలో పొరుగింటి కోడి కూసింది. గదిలో ఇంకొకరి గొంతు వినపడిందని ఆమెను వివరణ అడిగారు. అది కోడి అని రాసిచ్చింది. ఆ కోడి ఎవరిదో రాయమన్నారు.

ఆ పరీక్ష రెండోసారికి అయింది. అసలు బార్ పరీక్ష ఐదోసారికి.

తొమ్మిదింబావుకి డోనట్ల కొట్టు సొఫాల్ కాగితపు సంచితో వచ్చింది. కంబోడియా నుంచి చిన్నప్పుడే వచ్చిన మనిషి, హెర్మినియా కన్నా పదేళ్ళు చిన్న.

"అక్కా, వచ్చిందా?"

"నువ్వు కూడానా?"

"ఆయనే అడగమన్నాడు. తను అడిగితే నువ్వు కసురుకుంటున్నావట."

హెర్మినియా ప్రూయిట్ వైపు చూసింది. ఆయన నోటరీ పుస్తకం మీదకు వంగి ఏదో రాస్తున్నాడు. ఎడమచేత్తో పేజీకి అడ్డం పెట్టాడు, పక్కవాడు కాపీ కొడతాడని భయపడే బడిపిల్లాడిలా.

"ఎవరూ రాలేదుగా. ఏం రాస్తున్నారు?"

"మీ పని మీరు చూసుకోండి మిసెస్ ఆర్సె."

పుస్తకం మూశాడు, సొరుగులో పెట్టి తాళం వేశాడు, తాళంచెవి ప్యాంటు గొలుసుకు తగిలించాడు. ఆ పుస్తకాన్ని ఆయన తప్ప ఇంకొకరు ముట్టకూడదు. సంతకం పెట్టి బొటనవేలి ముద్ర వేసేవాళ్ళు కూడా ఆయన వేలు చూపించిన గడి మీదే చెయ్యి ఆనించాలి. ఒకప్పుడు, ఒకే ఇంటివాళ్ళు ఎనిమిది మంది సంతకాలకు వస్తామంటే, పని తొందరగా తెములుతుందని హెర్మినియా ముందే ఎనిమిది పేర్లు రాసిపెట్టింది. ఏడుగురే వచ్చారు. ప్రూయిట్ స్కేలు పెట్టి ఎనిమిదో వరుస కొట్టేశాడు, పక్కన కారణం రాశాడు, పొడి సంతకం పెట్టాడు. అప్పుడు కళ్ళజోడు తీసి అన్నాడు: "పుస్తకంలో జరిగింది రాయాలి. జరగబోయేది కాదు." ఆ మాట ఆమె అప్పటినుంచి ఏడాదికి రెండుసార్లన్నా వింటోంది.

పదింటికి మంగలి గార్లండ్ వచ్చాడు. చెల్లెలికి ఇంటి వాటా రాసిచ్చే కాగితం తెచ్చాడు.

"డ్రైవింగ్ లైసెన్సు," అన్నాడు ప్రూయిట్ చెయ్యి చాపి.

గార్లండ్ జేబులు తడుముకున్నాడు. "ఇంకో చొక్కాలో ఉండిపోయింది."

"వెళ్ళి తీసుకురా."

"ముప్పై ఆరేళ్ళుగా నీ జుట్టు కత్తిరిస్తున్నాను వెండెల్. నీ ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉందని మీ డోరిస్‌కు కూడా తెలియదు."

"డోరిస్‌కు తెలుసు. లైసెన్సు తీసుకురా."

"నేనెవరో నీకు తెలియదా?"

"తెలుసు. తెలిస్తే చాలదు. రెండు వేల ఎనిమిది నుంచి చాలదు." ప్రూయిట్ గొంతు పెరిగింది. ఈ విషయంలో ఎప్పుడూ పెరుగుతుంది. "అంతకుముందు 'వ్యక్తిగతంగా తెలుసు' అని రాస్తే సరిపోయేది. ఎత్తేశారు. ఒక మనిషిని నేను ముప్పై ఆరేళ్ళు ఎరుగుదును అంటే ప్రభుత్వానికి నమ్మకం లేదు. ప్లాస్టిక్ ముక్క చూపిస్తే నమ్మకం. బుద్ధి లేని చట్టం."

"మరి బుద్ధి లేనిదైతే..."

"చట్టమేగా. తీసుకురా."

గార్లండ్ హెర్మినియా వైపు తిరిగాడు. "నువ్వు లాయరువయ్యాక మొదట ఈయన మీదే కేసు వేస్తాను."

"ఇంకా కాలేదు. వరసలో నా తర్వాత నిలబడండి," అంది ఆమె.

"మూడింటికి వస్తా," అని మంగలి వెళ్ళిపోయాడు.

ప్రూయిట్ కాసేపు గొణుక్కున్నాడు. తర్వాత, "వచ్చిందా?" అన్నాడు.

పదకొండున్నరకు డాన్ మెల్కియాదెస్ వచ్చాడు; డాన్ అంటే స్పానిష్‌లో గారు అని. డెబ్బై దాటినవాడు, గడ్డి టోపీ, చంకలో ప్లాస్టిక్ కవరు. ఇల్లు ఖాళీ చేయాలని యజమాని కోర్టుకెక్కాడు. జవాబు దాఖలు చేయడానికి ఇవాళే ఆఖరు రోజు. నాలుగు రోజుల నుంచి వస్తున్నాడు, నాలుగు రోజుల నుంచి మొదటి మాట అదే.

"లిసెన్సియాడా, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

లాయరమ్మా అని. హెర్మినియా బోర్డు వైపు వేలు చూపించింది. "అలా పిలవకండి డాన్ మెల్కియాదెస్. నేను లాయర్ని కాను."

"అలాగే లిసెన్సియాడా."

ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. పైకప్పు కారింది. గోడకు బూజు పట్టింది. మనవరాలికి దగ్గు. యజమానికి మూడుసార్లు చెప్పాడు. చివరికి మునిసిపాలిటీ వాళ్ళకు చెప్పాడు. వాళ్ళొచ్చి చూసి వెళ్ళిన ఎనిమిదో రోజున ఖాళీ చేయమని నోటీసు.

హెర్మినియా ముందు జవాబు ఫారం ఉంది. అందులో చదరపు గడులు. ఒక గడి ఎదురుగా ఇలా ఉంది: ఫిర్యాదు చేసినందుకు పగబట్టి ఖాళీ చేయిస్తున్నాడు. ఆ గడి మీద తొమ్మిదేళ్ళలో ఆమె పదకొండు వ్యాసాలు రాసింది. ఎనిమిది రోజులంటే ఏ జడ్జయినా తల ఎత్తి చూస్తాడు. ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరుంది, అధికారం లేదు. ఆయన చెప్పింది టైపు చేయవచ్చు. ఏం చెప్పాలో చెప్పకూడదు.

"ఏ గడిలో గుర్తు పెట్టమంటారు?"

"మీరు చెప్పండి లిసెన్సియాడా."

"నేను చెప్పకూడదు."

"నాకు తెలిస్తే ఇక్కడికెందుకొస్తాను?"

ఇదే ప్రశ్నను ఇరవై రెండేళ్ళుగా వేలమంది అడిగారు. దానికి జవాబు చెప్పగలిగే రోజు కోసమే ఆమె కోడి గురించి వివరణ రాసిచ్చింది.

కోర్టువాళ్ళు వేసిన స్పానిష్ పుస్తకం ఒకటుంది, ఏ గడికి ఏమిటి అర్థమో వివరించేది. అది ఎవరికైనా ఇవ్వవచ్చు. ఆమె అల్మరా నుంచి తీసి, పధ్నాలుగో పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది.

"మిసెస్ ఆర్సె."

ఆమె తల తిప్పలేదు.

"తెరిచిన పేజీ కూడా సలహాయే."

"పుస్తకం ఎలాగూ ఎక్కడో ఒకచోట తెరవాలి మిస్టర్ ప్రూయిట్."

"ఆయన తెరుస్తాడు. ఇవాళ మీ మెయిల్ వస్తుంది. రేపు ఎవరో ఒకరు ఫిర్యాదు రాస్తారు, లైసెన్సు రాకముందే లాయరు పని చేసిందని. తొమ్మిదేళ్ళు పోతాయి. ఒక్క పేజీకి."

ఆమె పుస్తకం టపీమని మూసింది. ఆ చప్పుడుకి డాన్ మెల్కియాదెస్ టోపీ తీశాడు.

"తీసుకెళ్ళి పక్క కొట్టులో కూర్చుని చదవండి. మొత్తం చదవండి. అర్థమైంది వచ్చి చెప్పండి," అంది. ఆయన వెళ్ళాక ప్రూయిట్ వైపు తిరిగింది. "మీరన్నది నిజమేనని నాకు తెలుసు. అందుకే ఒళ్ళు మండుతోంది."

"నాకూ మండేది," అన్నాడు ప్రూయిట్.

ఆ సంగతి ఆమెకు తెలుసు. డెబ్బై ఒకటిలో ఆయన పోస్టులో పాఠాలు తెప్పించుకుని లా చదివాడు. మొదటి ఏడాది పరీక్ష మూడుసార్లు రాశాడు. ఆమె చదువులో చేరినప్పుడు అప్పటి పుస్తకాలు అట్టపెట్టెలో తెచ్చిచ్చాడు. ఒప్పందాల పుస్తకం నిండా ఎర్ర పెన్సిలు గీతలు. నేరాల పుస్తకంలో నలభయ్యో పేజీ దాకా. మూడో పుస్తకంలో గీతలు లేవు.

గంటన్నరకు డాన్ మెల్కియాదెస్ తిరిగొచ్చాడు. చూపుడువేలు పుస్తకంలో ఇరికించుకుని వచ్చాడు, ఆ పేజీ పారిపోతుందన్నట్టు. బల్ల మీద పరిచి చూపించాడు. పధ్నాలుగో పేజీ.

"ఇది నా కథే," అన్నాడు. "నా పేరు ఒక్కటే లేదు."

హెర్మినియా ఆ గడిలో గుర్తు పెట్టింది. తేదీలు అడిగింది, ఆయన చెప్పినవి టైపు చేసింది. ఆయన సంతకం పెట్టి, కాగితాలు కవరులో పెట్టుకుని కోర్టుకు నడిచాడు.

ఒంటిగంటన్నర దాటింది. ప్రూయిట్ భోజనం తర్వాత కారులో పడుకుంటాడు. భార్య డోరిస్ పోయినప్పటినుంచి అదే అలవాటు. గోధుమరంగు బ్యూయిక్, లాండ్రీ గోడ నీడలో నిలిపి, అద్దం రెండంగుళాలు దించి, సీటు వెనక్కి వాల్చి, ముఖం మీద టోపీ. రేడియోలో బేస్‌బాల్. రెండు ముప్పావుకు హెర్మినియా వెళ్ళి అద్దం మీద వేలితో కొడుతుంది. మొదటిసారికి లేవడు. మూడోసారికి, "మెలకువగానే ఉన్నాను," అంటాడు.

వెళ్తూ వెళ్తూ ఆయన ఆమె బల్ల దగ్గర ఆగాడు. గొలుసు నుంచి తాళంచెవి తీసి కీబోర్డు మీద పెట్టాడు.

"ఇదేమిటి?"

"మెయిల్ వస్తే పుస్తకం తీసి సిద్ధంగా పెట్టండి."

"నేనా? ముట్టకూడదన్నారుగా?"

"తీసి పెట్టమన్నాను. తెరవమనలేదు."

"మీరు రాగానే తీసుకోవచ్చుగా. పది అడుగుల దూరం."

"మిసెస్ ఆర్సె, ఒక్కసారి ఎదురు చెప్పకుండా ఒక పని చేస్తారా?"

"ఈ దుకాణంలో నాకు ఆ అలవాటు ఎవరూ నేర్పలేదు."

ఆయన నవ్వాడో దగ్గాడో తెలియలేదు. తలుపు తీసుకుని వెళ్ళాడు. తోటల మీదుగా వచ్చే నారింజ పూత వాసన ఒకసారి లోపలికి వచ్చింది, తలుపు మూసుకోగానే ఆగిపోయింది.

లాసరో ఫోన్ చేశాడు.

"వచ్చిందా?"

"ఇంకొకసారి ఎవరైనా ఆ మాట అడిగితే మళ్ళీ షెడ్డులో చేరిపోతాను."

"సరే. టోర్టియా రొట్టెలు తేవాలా అని అడుగుదామని చేశాను."

"తే."

"అయితే రాలేదన్నమాట."

రెండు గంటల పది నిమిషాలకు వచ్చింది.

ఆమె ముందు నమ్మలేదు. పేరు చూసింది. తన పేరే. అక్షరాలు సరిగానే ఉన్నాయి. కింద జతచేసిన పత్రం. ఆమె లేవలేదు, ఎవరినీ పిలవలేదు. మెయిల్ మళ్ళీ మొదటినుంచి చదివింది, దానిలో కూడా ఎక్కడో "మీరున్నారా?" అని గడి ఉంటుందేమోనని వెతికినట్టు.

అచ్చు తీయబోయింది. ప్రింటరు కాగితాన్ని సగం లాక్కుని ఆగిపోయింది. మూత తీసింది, లాగింది. చిరిగింది. చిరిగిన ముక్క లోపల ఉండిపోయింది. చిన్న పట్టకారుతో తీసింది. మళ్ళీ అచ్చు వేస్తే, సంతకం గీత మీదుగా నల్లటి చార. ఈ ప్రింటరు మార్చమని మూడేళ్ళుగా అడుగుతోంది. పనిచేస్తోందిగా అంటాడు. చార తుడిచింది. చేతులకు నల్లరంగు అంటింది. మూడోసారి కాగితం ఖాళీగా వచ్చింది. ఆమె స్పానిష్‌లో ప్రింటరుకు ఒక మాట చెప్పింది, తన తల్లి గాడిదకు చెప్పే మాట. నాలుగోసారి పత్రం శుభ్రంగా వచ్చింది.

రెండు నలభై. లేపే వేళకు ఐదు నిమిషాలుంది. ఇంకెందుకు ఆగడమనుకుంది. కాగితానికి నల్లరంగు అంటకుండా అంచు పట్టుకుని బయటికి నడిచింది. అడిగిన ప్రతిసారీ లేదని చెప్పీ చెప్పీ విసిగిపోయిన మనిషి, ఇప్పుడు అడగకముందే చెప్పబోతోంది. ఏమని చెప్పాలో నడుస్తూ అనుకుంది. "చూశాను మిస్టర్ ప్రూయిట్. కుర్చీ దిగే చూశాను."

అద్దం మీద కొట్టింది. రేడియోలో నాలుగో ఇన్నింగ్స్. మళ్ళీ కొట్టింది. మూడోసారి కొట్టింది.

"మిస్టర్ ప్రూయిట్. వచ్చింది."

తలుపు తాళం వేసి లేదు. టోపీ తీసింది. కళ్ళు మూసుకుని ఉన్నాయి, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చెయ్యి పట్టుకుంది. దించి ఆయన ఒళ్ళో పెట్టింది. అప్పుడు రేడియో ఆపింది.

అంబులెన్సు పదకొండు నిమిషాల్లో వచ్చింది. వచ్చిన ఇద్దరిలో పెద్దవాడు చూడవలసింది చూసి, చేతితొడుగులు తీశాడు.

"ఎంతసేపయింది?" అని హెర్మినియా అడిగింది.

"గంట పైనే అయివుంటుంది. నిద్రలోనే పోయాడు."

గంట కిందట మెయిల్ రాలేదు. లాసరో ఫోన్ కూడా అప్పుడప్పుడే అయివుంటుంది. ఆమె తల ఊపింది. ప్రమాణ పత్రం ఇంకా చేతిలోనే ఉంది. ఎప్పుడు నలిగిందో తెలియదు, బొటనవేలు పట్టుకున్నచోట నల్లటి మచ్చ పడింది. గుండ్రంగా, లోపల గీత ఒక్కటీ లేకుండా.

సొఫాల్ కొట్టు వదిలేసి వచ్చి పక్కన నిలబడింది. చేతులకు పంచదార. "ఉదయం రెండు డోనట్లు తిన్నాడక్కా. ఒకటి నీదే," అంది. అని ఏడ్చింది.

మూడింటికి గార్లండ్ వచ్చాడు. లైసెన్సు చేత్తో పైకెత్తి ఊపుతూ కారు దాకా వచ్చి ఆగాడు. చేతిని ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచాడు.

"తీసుకొచ్చాను," అన్నాడు చివరికి.

"చూశాను," అంది హెర్మినియా.

పోలీసు అడిగినవి చెప్పింది. పేరు, వయసు, రీనోలో ఉన్న మేనకోడలి నంబరు. మీరు ఆయనకు ఏమవుతారని అడిగాడు. ఆమె ఆలోచించింది. "ఆయన దగ్గర పనిచేస్తాను," అంది. నాలుగున్నరకు ఆయన్ను తీసుకెళ్ళారు. బ్యూయిక్ గోడ నీడలో ఉండిపోయింది.

ఐదవుతుండగా డాన్ మెల్కియాదెస్ వచ్చాడు. జరిగింది తెలియదు. కోర్టు ముద్ర పడిన నకలు తెచ్చాడు.

"తీసుకున్నారు లిసెన్సియాడా. మూడు వారాల్లో విచారణ అట. అక్కడ నేనొక్కణ్ణే మాట్లాడాలా?"

"అలా పిలవకండి," అంది ఆమె అలవాటుగా. "ఇంకా కాదు. సోమవారం పొద్దున నాకు కోర్టు గుమాస్తాతో రెండు నిమిషాల పనుంది. అది అయ్యాక పేరు ఎక్కడానికి కొన్ని రోజులు పట్టచ్చు. విచారణకు ముందే అయిపోతుంది. అప్పుడు రండి. ఏ గడి ఎందుకు పెట్టారో, అక్కడ ఏం చెప్పాలో నేనే చెబుతాను."

"అప్పుడు పిలవచ్చా?"

"అప్పుడు చూద్దాం."

ఆయన వెళ్ళాక తలుపు మీది బోర్డు 'మూసివేశాం' వైపుకు తిప్పింది. గోడ మీది బోర్డు అలాగే ఉంది. ఈ సాయంత్రానికి అది చెబుతున్నది నిజమే.

ఒక పని మిగిలింది. నోటరీ పోతే ఆయన పుస్తకం కౌంటీ గుమాస్తాకు అప్పగించాలి. ఆఖరి పద్దు ఎన్నో నంబరో రాసివ్వాలి. తాళంచెవి కీబోర్డు మీద ఆయన పెట్టినచోటే ఉంది. సొరుగు తీసింది. పుస్తకం, పక్కనే వేలిముద్రల సిరా పెట్టె. పెట్టె మూత తీసి ఉంది. ఆయన మూత తీసి వదిలిన రోజు ఆమెకు గుర్తులేదు.

పుస్తకం తెరిచింది. పేజీకి పదిహేను వరుసలు. గురువారంవి మూడు నిండి ఉన్నాయి. తర్వాత పదకొండు ఖాళీ, మధ్యలో ఇవాళ ఎవరైనా వస్తే రాయడానికి వదిలినట్టు. అట్టడుగు వరుస నిండి ఉంది.

తేదీ ఇవాళ్టిది. సమయం రాయలేదు. ఏం పని అన్నచోట: ప్రమాణం, న్యాయవాది. పేరు అన్నచోట ఆమె పేరు మొత్తం ఉంది, హెర్మినియా రోసార్యో ఆర్సె. ఇరవై రెండేళ్ళలో ఆయన చేత్తో ఆ మొదటి రెండు మాటలు రాయగా ఆమె చూడలేదు. గుర్తింపు అన్నచోట లైసెన్సు నంబరు ఉండాలి. లేదు. కంటికి కనపడక ఒక్కో అక్షరం విడివిడిగా కూర్చి రాశాడు: వ్యక్తిగతంగా తెలుసు.

ఆమె స్కేలు తీసుకుంది. జరగనిది పుస్తకంలో ఉండకూడదు. కొట్టేయాలి, పక్కన కారణం రాయాలి, పొడి సంతకం పెట్టాలి. పద్ధతి ఆమెకు ఆయనే నేర్పాడు. స్కేలు వరుస కింద ఆనించి పట్టుకుని చాలాసేపు నిలబడింది.

పుస్తకం ఆమెది కాదు. స్కేలు సొరుగులో పెట్టేసింది.

ఆ వరుస చివర బొటనవేలి గడి ఖాళీగా ఉంది. పక్కన పెట్టెలో సిరా అంచుల దగ్గర ఆరిపోయింది, నడిమధ్య ఇంకా తడిగానే ఉంది.